ఇచ్చిన చెయ్యి ఎవరిది?

"పాలు పొంగుతున్నాయని ఆవిడగారితో చెప్పరా" అంది అత్తగారు.

ఆవిడగారు అంటే చిన్నకోడలు. పొయ్యికి జానెడు దూరంలోనే నిలబడి ఉంది. పాలు పొంగడం ఆమెకూ కనబడుతూనే ఉంది. అయినా ఆమె భర్త చదువుతున్న పేపరు మడిచి, గొంతు సవరించుకుని, "పాలు పొంగుతున్నాయట" అన్నాడు.

"కట్టేశానని చెప్పండి" అంది చిన్నకోడలు, పొయ్యి కట్టేస్తూ.

"కట్టేసిందటమ్మా."

"నాకేం చెవుడు రాలేదు" అంది అత్తగారు.

నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. మాటలన్నీ చిన్నకొడుకు మీదుగానే నడుస్తున్నాయి. పాపం, బడిలో పిల్లలకు బొమ్మలు వెయ్యడం నేర్పే మనిషి. గొడవంటే ఆమడ దూరం పారిపోతాడు. అలాంటివాడు వంటింటి గడప మీద కూర్చుని అటు మాట ఇటూ, ఇటు మాట అటూ మోస్తున్నాడు.

"ఇంటిగుట్టు రచ్చకెక్కించిన ఘనత మన ఇంటికే దక్కిందని చెప్పు" అంది అత్తగారు.

"అమ్మా, అది నేను చెప్పలేను."

"చెప్పకపోతే మానెయ్. వినబడే ఉంటుంది."

వినబడింది. చిన్నకోడలు కప్పులు కడగసాగింది.

ఆమె చేసిన నేరమల్లా ఒక్కటే. తన అత్తవారి మందుల కొట్టును మళ్ళీ తనిఖీ చెయ్యమని తనే వెళ్ళి పై అధికారిణిని అడిగింది.

ఆమె ఉద్యోగమే చీటీల తనిఖీ. పేటలోని మందుల కొట్లకు వెళ్ళి డాక్టర్లు రాసిన చీటీలనూ, కొట్లవాళ్ళు ఇచ్చిన మందులనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. మోతాదు సరిపోయిందా? ఒక మందుకూ ఇంకో మందుకూ పడుతుందా? అనుమానం వస్తే కొట్టువాడు డాక్టరును అడిగాడా, లేక తలవంచుకుని ఇచ్చేశాడా? తనవాళ్ళ కొట్టును మాత్రం తను చూడకూడదు. అందుకని కిందటి వారం ఆ పనికి ఆమె తోటి ఉద్యోగి వెళ్ళాడు. ఆఫీసులో ఆయన్ని అందరూ కళ్ళజోడు అంటారు. కళ్ళజోడు వెళ్ళాడు, కూర్చున్నాడు, టీ తాగాడు, ఏ లోపమూ లేదని రాసి వచ్చేశాడు.

ఆ మర్నాడే కొట్టు వెనక వీధిలో ఉండే పంతులమ్మగారు రక్తం కక్కుకుని పడిపోయింది.

చిన్నకోడలు ఆసుపత్రికి చూడటానికి వెళ్ళింది. మంచం పక్క బల్ల మీద రెండు మందుల కవర్లు ఉన్నాయి. ఒకదాంట్లో గుండె డాక్టరు ఎప్పటినుంచో వాడమన్న, రక్తం పలచబరిచే మాత్రలు. రెండోదాంట్లో కీళ్ళ నొప్పులకు కొత్తగా రాసిన మాత్రలు. ఆ రెండూ ఒక కడుపులో పడకూడదు. పడితే లోపల రక్తం ఆగదు. రెండు కవర్ల మీదా మామగారి పేరుతో ఉన్న తమ కొట్టు ముద్రే, కళ్ళజోడు వెళ్ళకముందటి తేదీలే.

"మీ కొట్టు మీద నమ్మకంతో కళ్ళు మూసుకుని మింగేశానమ్మా" అంది పంతులమ్మగారు. మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరపడే ఓపిక కూడా ఆమెలో లేదు.

ఆఫీసుకు తిరిగి వచ్చి కళ్ళజోడును నిలదీస్తే ఆయన నవ్వాడు. "మీ ఇంటి కొట్టు కదా మేడమ్. మీవాళ్ళ దగ్గర లోపాలు వెతకాలంటే నాకు మొహమాటంగా ఉండదూ!"

ఆ మొహమాటమే ఆమె ఒంట్లో నిప్పు రాజేసింది.



బావగారు స్నానం చేసి, కొట్టుకు వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని బయటికి వచ్చాడు. కాఫీ నిలబడే తాగడం ఆయన అలవాటు.

ఆమె పేరుకు చిన్నకోడలే కానీ ఆ ఇంటికి పెద్దకోడలు లేదు. పెళ్ళి మాట ఎవరెత్తినా బావగారు "మరి కొట్టు ఎవరు తెరుస్తారు?" అనేవాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతికీ వెతికీ అందరూ విసిగిపోయారు. ఈలోగా ఆయన జుట్టు నెరిసిపోయింది. మామగారు పోయాక కొట్టే ఆయన సంసారం.

"ఎప్పుడొస్తారట?" అన్నాడు బావగారు, గోడకేసి చూస్తూ.

"పదకొండింటికి, బావగారూ. పెద్ద మేడమే వస్తున్నారు" అంది చిన్నకోడలు. ఆయన తన మీద అరిస్తే బాగుండుననిపించింది. అరవలేదు. కప్పు కిందపెట్టి, "మంచిది" అన్నాడు.

ఆ 'మంచిది' అత్తగారి తిట్లన్నిటికంటే బరువుగా తగిలింది.

ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. అత్తగారు గబగబా వెళ్ళి తీసింది. "రండి డాక్టరు బాబూ, రండి!" అన్న ఆమె గొంతులో పోయిన ప్రాణం తిరిగొచ్చినంత ఊరట వినిపించింది.

పేటలో ఆయన్ని హస్తవాసి డాక్టరు అంటారు. ఆయన చెయ్యి పడితే సగం జబ్బు గుమ్మంలోనే దిగిపోతుందని నమ్మకం. చిన్నకొడుకు పసివాడుగా ఉన్నప్పుడు జ్వరం నెత్తికెక్కి కళ్ళు తేలేస్తే, తెల్లవార్లూ మంచం పక్కనే కూర్చుని బతికించింది ఆయనే. అత్తగారు ఆ సంగతి ఏ పూటా మరిచిపోదు, ఎవరినీ మరిచిపోనివ్వదు.

పంతులమ్మగారికి నొప్పి మాత్రలు రాసింది కూడా ఆయనే.

డాక్టరు కుర్చీలో కూర్చుని చేతిసంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అమ్మాయ్, నీ మీద నాకు కోపం లేదు."

"కోపం ఉన్నా ఫరవాలేదండీ. పంతులమ్మగారికి ఎలా ఉందో కనుక్కున్నారా?"

"రక్తం ఎక్కించారు. తేరుకుంటోంది. నాకు తెలుసు." ఆయన గొంతు కాస్త తగ్గింది. "నొప్పులని వచ్చింది, నొప్పులకు రాశాను. ఇంకో డాక్టరు దగ్గర గుండెకు ఏం మింగుతోందో నాకు కలొస్తుందా?"

"కల రానక్కర్లేదు. అడిగితే ఆవిడే చెబుతారు."

"నా గుమ్మం ముందు జనాన్ని ఎప్పుడైనా చూశావా? ఒక్కొక్కరినీ పుట్టుపూర్వోత్తరాలు అడుగుతూ కూర్చుంటే చివరివాడు వరండాలోనే పోతాడు."

"చూశానండీ. అందుకే మధ్యలో మందుల కొట్టనేది ఒకటుంది. మీరు అలసిపోయి ఒకటి మరిచిపోతే కొట్టులోవాళ్ళు ఆపాలి. వాళ్ళూ మరిచిపోతే మేం పట్టుకోవాలి. మూడు గుమ్మాలూ బార్లా తెరిచి పెట్టేస్తే జబ్బుమనిషికి అడ్డు పడేది ఎవరు?"

"చీటీ రాసేవాణ్ణి నేను. చదివి ఇచ్చేవాళ్ళు మీరు. రాసినవాడికి చదివేవాళ్ళు తప్పులు దిద్దే రోజులొచ్చాయన్నమాట!"

"బడిలోనూ అంతేనండీ. రాసేవాళ్ళు ఒకరు, దిద్దేవాళ్ళు ఇంకొకరు."

గడప మీద ఉన్న డ్రాయింగు మాస్టరుకు పొలమారింది. అత్తగారు కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. అది దగ్గు తగ్గడానికో, భార్యను అదుపులో పెట్టనందుకో తెలియలేదు.

డాక్టరు లేచాడు. "సరే. నా చీటీ బయటపడితే నాకొచ్చే నష్టం చిన్నదే. సంజాయిషీ అడుగుతారు, ఇస్తాను. ఆవిడ గుండె మందుల సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అంతే. కానీ నీ కొట్టు సంగతి ఆలోచించుకో. నీ లెక్క ఎక్కడిదాకా పోతుందో ముందు మీ ఇంట్లోవాళ్ళనే అడుగు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూసింది కొట్టు నడిపే బావగారిని కాదు. గడప మీద కూర్చున్న ఆమె భర్తను.

అత్తగారు తెచ్చిన కాఫీ ముట్టకుండానే ఆయన వెళ్ళిపోయాడు.





"బావగారూ" అంది చిన్నకోడలు. "ముసలివాళ్ళొస్తే బల్ల మీద కూర్చోబెట్టి, ఇంకేం మందులు వాడుతున్నారో అడిగితేగానీ మాత్ర చేతికివ్వరు మీరు. ఈ ఉద్యోగంలో చేరమని నన్ను వెన్నుతట్టి పంపిందీ మీరే. అలాంటి మీరు ఆ మాత్రలు ఎలా ఇచ్చారు?"

"పొరపాటు జరిగింది."

"ఎలా జరిగిందని అడుగుతున్నాను."

"జరిగిందన్నానుగా. నేనే ఇచ్చాను. మీ మేడమ్‌కూ అదే చెబుతాను. ఇక వదిలెయ్."

ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడతాయి.

"అన్నయ్యా, ఇక చాలు" అన్నాడు ఆమె భర్త.

"నువ్వు నోరు మూసుకో."

"ఎంతకాలం మూసుకోను? ఆ రోజు నువ్వు పన్ను పీకించుకోవడానికి వెళ్ళావు." అతను భార్య వైపు తిరిగాడు, కానీ కళ్ళు మాత్రం పైకెత్తలేకపోయాడు. "బడికి సెలవు. కాసేపు కొట్టులో కూర్చోమన్నాడు అన్నయ్య. ఎవరొచ్చినా నేను వచ్చేదాకా ఆగమను అని మరీ మరీ చెప్పాడు. పంతులమ్మగారు నొప్పితో నిలబడలేకపోతున్నారు. చీటీ చదివాను. డబ్బా కనబడింది. తీసి ఇచ్చేశాను."

చిన్నకోడలు బల్ల అంచు పట్టుకుంది.

మందుల చదువు చదవని మనిషి మందు ఇవ్వకూడదు. అది ఆమె ఊరంతా తిరిగి చెప్పే మొదటి మాట. ఆ తప్పుకు కొట్టు లైసెన్సు పోతుంది. ఇచ్చినవాడి మీద కేసు కూడా పడుతుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ఫలానా కొట్టులో ఫలానావాడు చదువూ సంధ్యా లేకుండా మందులిచ్చేస్తున్నాడని రోజూ వచ్చి నా దగ్గరే కోప్పడేదానివి. ఆ ఫలానావాణ్ణి నేనేనని ఏ నోటితో చెప్పను?"

అత్తగారు వచ్చి కోడలి ఎదురుగా నిలబడింది. నిన్నటి తర్వాత మొదటిసారి నేరుగా ఆమె మొహంలోకి చూసి మాట్లాడింది.

"విన్నావుగా. నిన్నటి నుంచీ నేనెందుకు గింజుకుంటున్నానో ఇప్పుడు తెలిసిందిగా? ఫోను తీసుకో. తనిఖీ అక్కర్లేదు, నేనే పొరబడ్డానని మీ మేడమ్‌కు చెప్పు."

ఫోను బల్ల మీదే ఉంది. చెబితే పెద్ద మేడమ్ వింటుంది కూడా. కళ్ళజోడు రాసిందే ఖాయమవుతుంది. ఇంటి మీద నీలినీడ పడదు. భర్త రేపు మామూలుగా బడికి పోతాడు. అదంతా చిన్నకోడలికి ఒక్క క్షణంలో కళ్ళకు కట్టింది. ఎంత తేలికో! చెయ్యి చాచితే అందేటంత తేలిక.

ఆమె చెయ్యి చాచలేదు.

"చెప్పను అత్తయ్యా."

"మొగుణ్ణి నడిబజార్లో నిలబెడతావా?"

"పక్కన నేనూ నిలబడతాను."

"నువ్వు నిలబడితే లైసెన్సు మిగులుతుందా?"

"మిగలదేమో."

"మరెందుకే ఈ పంతం? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా?"

"చించకపోతే లోపలే కుళ్ళుతుంది అత్తయ్యా! ఇవాళ మన తలుపు మూసుకుని రేపు నేను ఎవరి కొట్టు మెట్లు ఎక్కను? నీ ఇల్లు చూసుకో తల్లీ అంటే నాకు నోరు పెగులుతుందా? నా సంగతి వదిలెయ్యండి. పంతులమ్మగారు బతికారు. ఇంకొకరు బతక్కపోవచ్చు. అప్పుడు కూడా పొరపాటు జరిగిందని గోడకేసి చూద్దామా?"

బావగారు నిజంగానే గోడకేసి చూస్తున్నాడు. చూపు మళ్ళించుకున్నాడు.

"దయాదాక్షిణ్యాలు లేని పిల్ల" అంది అత్తగారు. "నేను రాను. నా కొడుకు తల దించుకుని నిలబడటం నా కళ్ళతో చూడలేను."

చిన్నకోడలు భర్త దగ్గరికి వెళ్ళింది. కోపం ఇంకా గొంతులోనే ఉంది. దాన్ని మింగలేదు, కక్కలేదు.

"మీరేమంటారు?"

"భయంగా ఉంది."

"నాకూ."

"అన్నయ్య మీద పడనివ్వను. అదొక్కటీ తెలుసు."

"అయితే చొక్కా మార్చుకోండి. దానికి రంగులంటుకున్నాయి."



బావగారు ముందే వెళ్ళి కొట్టు తెరిచాడు. వాళ్ళిద్దరూ వెళ్ళేసరికి పెద్ద మేడమ్ కొట్టులో కూర్చుని ఉంది. పొట్టి మనిషి. స్టూలు మీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు. కానీ ఆమె వచ్చిందంటే కొట్లవాళ్ళు కూర్చున్న చోటునుంచి లేచి నిలబడతారు.

"నువ్వు కౌంటరు దాటి లోపలికి రాకూడదు" అంది చిన్నకోడలిని చూడగానే.

"రానండి."

ఆమె బయట, జబ్బుమనుషులు నిలబడే వైపు నిలబడింది. ఎన్నిసార్లు ఆ కొట్టుకు వచ్చిందో లెక్కలేదు. అటు వైపునుంచి మాత్రం ఎప్పుడూ చూడలేదు. గాజు బీరువాలు, వాటిలో వరసలు తీరిన డబ్బాలు, టింక్చర్ల వాసన, ముసలివాళ్ళ కోసం బావగారు వేయించిన బల్ల. ఇక్కడ నిలబడ్డవాళ్ళకు డబ్బాల మీద పేర్లు కనబడవు. ఇచ్చేవాడి మొహమే కనబడుతుంది. ఆ మొహాన్ని బట్టే మింగుతారు.

పెద్ద మేడమ్ చీటీల నకళ్ళు ఒక్కొక్కటే తిరగేసి, రెండింటిని తీసి పక్కన పెట్టింది.

"ఒకే మనిషి, ఒకే కొట్టు. గుండె మాత్రలు ఇచ్చిన చోటే నొప్పి మాత్రలూ ఇచ్చారు. ఇచ్చిన చెయ్యి ఎవరిది?"

"నాదే" అన్నాడు బావగారు. చెవులు ఎర్రబడ్డాయి.

"కాదండీ" అన్నాడు తమ్ముడు.

"వాడి మాట పట్టించుకోకండి, వాడికేం తెలియదు..."

"నాకేం తెలియదు కాబట్టే ఇలా జరిగింది, అన్నయ్యా. ఇచ్చింది నేను మేడమ్. నేను డ్రాయింగు మాస్టర్ని. మందుల చదువు చదవలేదు."

పెద్ద మేడమ్ అతన్నీ, కౌంటరు బయట నిలబడ్డ చిన్నకోడలినీ మార్చి మార్చి చూసింది. "నీకు తెలుసా?"

"ఇవాళ పొద్దున తెలిసిందండీ."

"తెలిసీ తనిఖీ ఆపమని అడగలేదు."

"లేదండీ."

రోడ్డు అవతలే డాక్టరు గది. పెద్ద మేడమ్ వచ్చిన సంగతి ఆయనకు ముందే తెలిసినట్టుంది. అప్పటికే రోడ్డు దాటి వచ్చి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "ఇప్పుడు తేలిపోయిందిగా" అన్నాడు. "చదువులేని మనిషి చేతికి కొట్టు అప్పజెప్పి వెళితే నా చీటీ ఏం చేస్తుంది?"

"ఇంకొక్క మాట ఉంది" అన్నాడు డ్రాయింగు మాస్టరు. "ఆ రోజు పంతులమ్మగారు నన్ను అడిగారు. బాబూ, గుండె మాత్రతో కలిపి ఇది వేసుకోవచ్చా అని. నాకు తెలియలేదు. కొట్టు వదిలి రాలేక డాక్టరుగారికి ఫోను చేశాను. రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారట, ఇవ్వవచ్చా అని అడిగాను. ఇచ్చెయ్, ఏం కాదు అన్నారు."

చిన్నకోడలు కౌంటరు మీదికి వంగింది. "పొద్దున ఎందుకు చెప్పలేదు?"

"సాకులా ఉంటుందని. పైగా..." అతను డాక్టరు వైపు చూశాడు. "ఆయన లేకపోతే నేను లేను."

"ఫోను చేసినంత మాత్రాన మీ తప్పు ఒప్పైపోదు" అంది పెద్ద మేడమ్.

"పోదండీ. తెలియనప్పుడు ఇవ్వకుండా ఉండాల్సింది."

డాక్టరు నవ్వాడు. కానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "ఏదో ఫోను వచ్చే ఉంటుంది. రోజుకు సవాలక్ష వస్తాయి. ఇవ్వమని నేనన్నానట! అన్నానని ఎవరు చెబుతారు? తప్పు చేసి దొరికిపోయిన మనిషా?"

"నేను చెబుతాను."

అందరూ వెనక్కి తిరిగారు. మెట్ల కింద అత్తగారు నిలబడి ఉంది. రానంటే రానన్న మనిషి. కాళ్ళకు జత కలవని చెప్పులున్నాయి. ఒకటి ఆమెది, ఒకటి కోడలిది.

"ఆ ఫోను మోగినప్పుడు మీ ఎదురుగా కూర్చున్నది నేను, డాక్టరు బాబూ. నా చేతికి బీపీ పట్టా చుట్టి ఉంది. రక్తం పలచబడే మాత్రా అని మీరు పైకే అన్నారు. ఇచ్చెయ్, ఏం కాదు అన్నారు. ఫోను పెట్టేసి, మీ వాడికి పిరికితనం ఎక్కువమ్మా అని నాతో నవ్వారు. నేనూ నవ్వాను."

 

"అమ్మా, ఆలోచించి మాట్లాడండి" అన్నాడు డాక్టరు మెల్లగా. "ఆ రాత్రి మీ వాడి మంచం పక్కన..."

"మరిచిపోలేదు బాబూ, చచ్చేదాకా మరిచిపోను. అందుకే ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను. తనిఖీ ఆగిపోతే నా కొడుకూ మిగులుతాడు, మీ పరువూ మిగులుతుందనుకున్నాను. ఇందాక మా ఇంట్లో కూర్చుని, గుండె మందుల సంగతి మీకెవరూ చెప్పలేదని మీరు అన్నది తలుచుకుంటే నా ఇంటి గోడలే నన్ను చూసి నవ్వినట్లైంది. నా కొడుకు పిరికివాడైతే కావచ్చు. వాణ్ణి అబద్ధాలకోరు అంటే మాత్రం ఊరుకోను."

చిన్నకోడలు ఒక మెట్టు దిగి అత్తగారికి చెయ్యి అందించింది. అత్తగారు ఆ చేతిని చూసింది, పట్టుకోలేదు. తనంతట తనే మెట్లెక్కి, కోడలి పక్కన నిలబడింది.

డాక్టరు మొహం కందిపోయింది. ఒక్క క్షణం ఆయన ముసలివాడిలా, రోజంతా ఎవరెవరి నొప్పులో విని విని అలిసిపోయిన మనిషిలా కనిపించాడు. ఆ క్షణంలో ఒక్క మాట, 'పొరపాటైంది' అన్న మాట అని ఉంటే, అక్కడున్న వాళ్ళలో ఎవరూ ఆయన్ని ఏమీ అనేవారు కాదు. చిన్నకోడలు ఆ మాట కోసమే ఎదురుచూసింది.

ఆయన అనలేదు. భుజాలు సరిచేసుకున్నాడు.

"సరే. మీరు తెగించారు, నేనూ తెగిస్తాను. చదువులేనివాడితో మందులు అమ్మిస్తున్నారని ఇప్పుడే, ఇక్కడే ఫిర్యాదు రాసి ఈవిడ చేతికిస్తాను. రేపటి నుంచి ఈ కొట్టు తలుపు తెరుచుకోదు. నా రోగులు ఇంకో కొట్టు చూసుకుంటారు. ఇతగాడు కోర్టు గుమ్మంలో బొమ్మలు గీసుకుంటాడు. ఏమంటారు?"

అత్తగారి వేళ్ళు కోడలి మోచేతిని గట్టిగా పట్టుకున్నాయి. ఆ పట్టులో భయం ఉంది, కానీ వెనక్కి లాగడం లేదు.

"తనిఖీ పూర్తయ్యేదాకా నేనెక్కడికీ వెళ్ళను" అంది పెద్ద మేడమ్. "ఎవరు ఏం రాసిచ్చినా తీసుకుంటాను."

తమ్ముడు ఒప్పుకున్నాక మళ్ళీ నోరు విప్పని బావగారు కౌంటరు సొరుగు లాగాడు. ఒక తెల్లకాగితం తీసి గాజు మీద పరిచాడు. దాని పక్కన కలం పెట్టి, రెండింటినీ డాక్టరు ముందుకు నెట్టాడు. తండ్రి పోయినప్పటినుంచి ఆయన గొంతు ఆ రోడ్డు మీద అంత గట్టిగా వినబడటం అదే మొదలు.

"రాయండి డాక్టరుగారూ. ఇన్నేళ్ళూ మీ రాత నేనొక్కణ్ణే చదివాను. ఈసారి అందరికీ అర్థమయ్యేట్టు రాయండి."

డాక్టరు కలం అందుకున్నాడు.